మీకు తెలుసా? పాత ఆర్‌డీకి ఎక్కుడు కన్నా దిగుడే గండం!

1983లో ఎస్కార్ట్స్ సంస్థ మన రోడ్ల మీదికి తెచ్చిన రాజ్‌దూత్ 350 అసలు యమహా ఆర్‌డీ 350. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్. విదేశాల్లో 39 హార్స్‌పవర్ ఇచ్చిన బండిని ఇక్కడ 30.5కి, తర్వాతి మోడల్‌లో 27కి తగ్గించారు. ముందున్న డిస్క్ బ్రేక్ తీసేసి డ్రమ్ము పెట్టారు. అది మాత్రం అన్యాయమే.

ఇన్నేళ్ల తర్వాత దాన్ని గట్టిగా తోలొచ్చా? తోలొచ్చు. ఇంజిన్ బాగుంటే ఎక్కువ తిప్పినందుకు దానికేం కాదు. చిక్కంతా ఆయిల్ దగ్గరే. పంపు ఇంజిన్‌కు ఎంత ఆయిల్ అందించాలో ఎక్సలేటర్ కేబుల్ కూడా నిర్ణయిస్తుంది. ఘాట్‌లో ఎక్సలేటర్ పూర్తిగా మూసేసి వేగంగా దిగితే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం అరకొరగా అందుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు దిగేటప్పుడూ మధ్యమధ్య కాస్త రేజ్ చేస్తుంటారు.

క్రాంక్ సీళ్లు ఇంకో తలనొప్పి. రబ్బరు కదా, ఏళ్ల తరబడి నిలబెడితే గట్టిపడిపోతుంది. ఎడమవైపు సీలు పోతే గాలి దూరి పెట్రోలు పాలు తగ్గుతుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు వెనక చక్రం బిగుసుకుపోతుంది. వెంటనే క్లచ్ పట్టాల్సిందే! కుడివైపు సీలు పోతే గేర్ ఆయిల్ కాలి దట్టంగా పొగొస్తుంది.

టైరు మీద అరుగుదల లేదని మురిసిపోవద్దు, దాని రబ్బరూ ఏళ్లు గడిస్తే గట్టిపడుతుంది. పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2312 అంటే 2012లో 23వ వారం తయారీ.