మేడ మీద సోలార్, మీటరు పక్కన ఐసోలేటర్: విశాఖ లబ్ధిదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

పీఎం సూర్యఘర్ ఉచిత విద్యుత్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఒక కిలోవాట్ పెట్టుకుంటే 30 వేలు, రెండు పెట్టుకుంటే 60 వేలు, మూడు లేదా అంతకంటే ఎక్కువైతే 78 వేల రూపాయలు కేంద్ర సబ్సిడీ వస్తుంది. ఈ లెక్క చాలామందికి తెలుసు. కానీ మీటరు దగ్గర గోడకు బిగించే ఐసోలేటర్ స్విచ్ ఎందుకో తెలిసినవాళ్లు తక్కువ. కరెంటు రిపేరుకు స్తంభం ఎక్కే లైన్‌మ్యాన్ ప్రాణానికి సంబంధించిన స్విచ్ అది. దాని గురించి ఈ నాలుగు ముక్కలు చదవండి.

మా ఇంటి సోలార్ వల్ల లైన్‌మ్యాన్‌కు ప్రమాదం ఏమిటి?

మామూలు ఇంటికి కరెంటు స్తంభం నుంచి లోపలికి వస్తుంది. సోలార్ ఉన్న ఇంటి నుంచి బయటికి కూడా వెళ్తుంది. మధ్యాహ్నం మీరు వాడగా మిగిలిన యూనిట్లు సర్వీసు వైరు ద్వారా లైన్‌లోకి వెళ్తాయి. నెట్ మీటర్ లెక్కపెట్టేది వాటినే.

ఇప్పుడు లైన్ ఆపి రిపేరు చేస్తున్నారనుకోండి. ఆ సమయంలో ఒక ఇంటి నుంచి కరెంటు వెనక్కి వస్తే, ఆగిపోయిందనుకున్న వైరులో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. పైగా మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను తగ్గించి ఇళ్లకు ఇస్తుంది. ఇంటివైపు నుంచి కరెంటు ఎక్కితే అదే ట్రాన్స్‌ఫార్మర్ తిరగబడి, అవతలి వైపు వేల వోల్టులు పుట్టిస్తుంది. జనరేటర్ ఉన్న ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను ఇంటి వైరింగ్‌కు కలపకండి.

కరెంటు పోతే ఇన్వర్టర్ దానంతట అదే ఆగిపోతుంది కదా?

అవును, ఆగాలి. లైన్‌లో కరెంటు పోయిన 2 సెకన్లలోపు ఇన్వర్టర్ బయటికి కరెంటు పంపడం మానేయాలని రూలు. అందుకే ఎండ బాగా కాస్తున్నా, కరెంటు పోతే బ్యాటరీ లేని మీ సోలార్ కూడా ఆగిపోతుంది. అది రిపేరు కాదు, కంగారు పడొద్దు.

అయితే ఇన్వర్టర్ ఒక మెషీన్. అది పాడయ్యిందో, బాగుందో స్తంభం మీద ఉన్న మనిషికి కనిపించదు. కాబట్టి కంటితో చూసి, చేత్తో ఆపి, తాళం వేసుకునే ఏర్పాటు ఒకటి ఉండాలి. అదే ఐసోలేటర్. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చిన నిబంధనల్లో ఇది ఉంది.

ఐసోలేటర్ ఎలా ఉండాలి?

• చేత్తో తిప్పేది అయి ఉండాలి. ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా అన్నది స్పష్టంగా గుర్తు ఉండాలి.
• ఆఫ్ చేశాక లోపల కనెక్షన్ విడిపోయిందని కంటికి కనబడాలి.
• ఆఫ్‌లో పెట్టి తాళం వేయడానికి వీలుండాలి.
• కరెంటు సిబ్బంది 24 గంటల్లో ఎప్పుడొచ్చినా, మీ అనుమతి కోసం ఆగకుండా త్వరగా అందుకునేలా ఉండాలి.
• నేల నుంచి కనీసం 2.44 మీటర్ల ఎత్తులో, అంటే సుమారు 8 అడుగుల పైన ఉండాలి.

దాని ముందు బీరువా పెట్టడం, గ్రిల్లు వేసి సొంత తాళం పెట్టడం చేయొద్దు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మీటర్ల గది తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉండేలా చూడండి. లైన్‌మ్యాన్ వేసిన తాళం ఆయనే తీయాలి. "కరెంటు వచ్చేసింది కదా" అని మీరు తీయకండి.

ఇంకో మాట. ఈ స్విచ్ ఫ్యూజు పని చేయదు. లోడ్ ఉండగా లాగితే మెరుపు రావచ్చు. ముందు ఇన్వర్టర్ పక్కన ఉన్న ఏసీ బ్రేకర్ ఆపి, తర్వాతే దీన్ని ఆపాలి.

ఐసోలేటర్ ఆపేస్తే ప్యానెళ్లను ముట్టుకోవచ్చా?

ముట్టుకోవద్దు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో కరెంటు పుడుతూనే ఉంటుంది. ఒక్కో ప్యానెల్ సుమారు 40 నుంచి 50 వోల్టులు ఇస్తుంది. ఆరింటిని వరుసగా కలిపితే దాదాపు 250 నుంచి 300 వోల్టులు. ఇది డీసీ కరెంటు, దీని మెరుపు సులభంగా ఆరదు. మేడ మీద వైరు తెగినా, కాలిన వాసన వచ్చినా దగ్గరికి వెళ్లకుండా కాంట్రాక్టర్‌ను పిలవండి.

తుఫాను వస్తోందంటే ఏం చేయాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో స్తంభాలు ఎలా కూలాయో, ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో పెద్దవాళ్లకు గుర్తే. అలాంటప్పుడు సిబ్బంది రాత్రీ పగలూ లైన్ల మీదే ఉంటారు. కాబట్టి గాలి మొదలవ్వక ముందే ఈ వరసలో చేయండి:

1. ఇన్వర్టర్ ఏసీ బ్రేకర్ ఆఫ్.
2. తర్వాత డీసీ స్విచ్ ఆఫ్.
3. చివరగా ఐసోలేటర్ ఆఫ్.

గాలీవానలో మేడ ఎక్కకండి. ఇన్వర్టర్ తడిసినా, నీళ్లలో మునిగినా టెక్నీషియన్ చూసేదాకా ఆన్ చేయకండి.

విశాఖలో మరో జాగ్రత్త

సముద్రం ఉప్పుగాలికి స్క్రూలు, ఎర్త్ కనెక్షన్లు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఐసోలేటర్ అవసరానికి తిరగదు. భీమిలి, జాలారిపేట, పెదగంట్యాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలానికి ముందు, తర్వాత ఒకసారి చూపించుకోండి. పోర్టు, స్టీల్‌ప్లాంట్ చుట్టుపక్కల దుమ్ము పడితే ప్యానెళ్ల ఉత్పత్తి తగ్గుతుంది. ఉదయాన్నే, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు, సిస్టం ఆపి మంచినీళ్లతో కడగండి.

పని పూర్తయిందని సంతకం పెట్టే ముందు

ఐసోలేటర్ ఎక్కడుందో, దాన్ని ఎలా ఆపాలో కాంట్రాక్టర్‌తో చేయించి చూడండి. ఇంట్లో మరొకరికి కూడా నేర్పించండి. ఎర్తింగ్ చూపించమని అడగండి. సబ్సిడీ పథకం కింద పెట్టిన సిస్టంకు 5 ఏళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ బాధ్యతే, కాబట్టి ఐసోలేటర్ బిగుసుకుపోతే డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు. లైన్‌లో ఏ సమస్య ఉన్నా ఈపీడీసీఎల్ నంబర్ 1912కు ఫోన్ చేయండి. మీ ఇంట్లో సోలార్ ఉందని ఆ ఫోన్‌లోనే చెప్పండి. రిపేరుకు వచ్చే మనిషికి ఆ ఒక్క మాట ఎంతో సాయం.

ఈ పీడీఎఫ్‌ను సోలార్ పెట్టుకున్న, పెట్టుకోబోతున్న మీ వీధివాళ్లకు పంపండి.