సహకార పాల సంఘము: రైతు తన సరకునకు తానే యజమాని యగు విధము

పశువు రైతుది, మేత రైతుది, కష్టము రైతుది; అయినను పాలకు వెల కట్టువాడు వేఱొకడు. ఏలయన, పాలు ధాన్యమువలె గాదెలో పోసి ధర వచ్చువఱకు నిలుపదగిన సరకు కాదు. పూటలోపల అమ్మనిచో విఱిగిపోవును. విఱిగిపోవు సరకు గలవాడు బేరమున లొంగక తప్పదు. ఈ చిక్కును తప్పించుకొను మార్గమును, నాటి బొంబాయి రాష్ట్రమునకు చెంది నేడు గుజరాతులో చేరియున్న ఖేడా సీమ రైతులు చేసి చూపిరి.

1945లో బొంబాయి నగరమునకు పాలు చేరవేయు ఏర్పాటు ప్రారంభము కాగా, ఆ సీమలో పాలు సేకరించు హక్కు ఆనంద్ పట్టణమందలి పోల్సన్ డెయిరీకి లభించెను. నగరమున మంచి ధర పలికినను ఆ ఫలము పల్లెకు చేరదయ్యెను. రైతులు సర్దారు వల్లభభాయి పటేలుగారిని ఆశ్రయింపగా, సంఘముగా నేర్పడి తమ పాలను తామే అమ్ముకొనవలసినదని ఆయన సలహా యొసగిరి. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామమున మొరార్జీ దేశాయిగారి సమక్షమున సభ జరిగి, గ్రామగ్రామమున సంఘములు స్థాపింప తీర్మానించిరి. ప్రభుత్వము మొదట సమ్మతింపకపోగా, రైతులు పదునైదు దినములు వర్తకులకు పాలు పోయక, ఆ నష్టమును ఓర్చుకొనిరి. తుదకు ప్రభుత్వము అంగీకరించెను. 1946 డిసెంబరు 14వ తేదీన జిల్లా సంఘము రిజిస్టరు కాగా, త్రిభువనదాసు పటేలుగారు దానికి నాయకత్వము వహించిరి. 1948లో పని ఆరంభించినప్పుడు రెండు గ్రామముల పాలు దినమునకు సుమారు 250 లీటర్లు మాత్రమే. పిమ్మట "అమూల్" అను పేర దేశమంతట ప్రసిద్ధి కెక్కినది ఈ సంఘమే.

కంపెనీకిని సంఘమునకును గల భేదములను రైతులు గుర్తెఱుంగవలయును.

1. కంపెనీలో ఓట్లు వాటాలనుబట్టి యుండును. సంఘములో వాటాలెన్ని యున్నను సభ్యునకు ఒకటే ఓటు. పది గేదెలు గలవాడును, ఒక గేదె గలవాడును సభలో సమానులు.

2. పూటపూటకు పాలను కొలిచి, వెన్నశాతమును పరీక్షించి, దానినిబట్టి వెల కట్టుదురు. నీరు కలిపినవాడు తన వెలను తానే తగ్గించుకొనును.

3. కంపెనీ లాభము మూలధనము పెట్టినవానికి చెందును. సంఘములో వాటా ధనమునకు మితమైన ప్రతిఫలమే యుండును. సంఘ నిధికి తీసినది పోగా మిగిలినది, ఎవ రెంత పాలు పోసిరో ఆ లెక్కననుసరించి సభ్యులకు పంచబడును.

4. శీతకాలమున పాలు అధికమై ధర పడిపోవును. 1955లో ఈ సంఘము గేదె పాలనుండి పాలపొడి చేయు కర్మాగారమును నెలకొల్పెను. దానితో విఱిగిపోవు సరకు నిలువయుండు సరకుగా మాఱెను. ఒంటరి రైతునకు సాధ్యము కానిది సంఘమునకు సాధ్యమయ్యెను.

ఈ పద్ధతి పాలకే పరిమితము కాదు. తెలుగునేలను 1956లో, నాటి కరీంనగరము జిల్లా ముల్కనూరున స్థాపితమైన సహకార సంఘము, సభ్యులకు అప్పును ఎరువులను ఇచ్చి, వారి పంటను అమ్మిపెట్టి, వచ్చిన సొమ్మునుండి బాకీని జమకట్టు విధానమున నడచెను. అప్పిచ్చినవానికే పంటను అగ్గువకు అప్పగింపవలసిన దురవస్థ ఇందువలన తొలగును.

అయితే సంఘము దానంతట అది నిలువదు. దానిని చెఱచునవి రెండు. వర్తకుడు నాలుగు దినములు ఎక్కువ వెల చూపినంతనే సంఘమును విడిచి వానికి పాలు పోయుట మొదటిది; సంఘము మూతపడిన మఱునాడే ఆ యెక్కువ వెలయు మాయమగును. భూమియు పలుకుబడియు గలవారు సంఘమును తమ సొంత దుకాణముగా భావించుట రెండవది. అట్టివారు తమకును ఒక్క ఓటే యని మనఃపూర్వకముగా ఒప్పుకొని, ఏటేట లెక్కలను సర్వసభ్య సభలో చదివింపవలయును. పెద్ద రైతు లిందుకు సమ్మతించిన యూరిలోనే చిన్న రైతు నమ్మి తన పాలు తెచ్చును. ఆ పాలు లేనిదే పెద్ద రైతునకును సంఘము లేదు.