చీమకైనా తోడు కావాలి

ఇంట్లో చీమ కనిపిస్తే పసుపు డబ్బా పట్టుకుని పరుగెత్తే రకాన్ని నేను. అలాంటిదాన్ని ఇప్పుడు చీమలకు తేనెచుక్క పెట్టిగానీ కాఫీ తాగడం లేదంటే మా అమ్మే నమ్మలేదు. "పిచ్చి ముదిరిందే నీకు!" అంది ఫోనులో.

మేముండేది షార్జాలో. రెండేళ్ల కిందట వాన పడ్డ మర్నాడు, మా అబ్బాయి పార్కులోంచి అగ్గిపెట్టెలో ఓ పెద్ద చీమను పట్టుకొచ్చాడు. రెక్కలు రాల్చేసుకుంది. రాణిచీమ అని చూడగానే తెలిసిపోయింది. పెళ్లయ్యాక నా బి.ఎస్సీ. జువాలజీ అక్కరకు రావడం అదే మొదటిసారి! ఈ ఎడారుల్లో ఉండే 'కాంపొనోటస్ ఫెల్లా' అనే జాతి. మన గండుచీమకు దగ్గర చుట్టం.

పెంచడం కష్టమేం కాదు. గాజు గొట్టంలో మూడోవంతు నీళ్లు పోసి, వాటికి అడ్డంగా దూది బిగించాలి. ఇవతలి పొడి చోట రాణిని వదిలి, మూతిని కూడా దూదితో మూయాలి. గాలి ఆడుతుంది, తడీ అందుతుంది. చీకటి ఉండాలి. ఏసీ చల్లదనానికి పిల్లలు త్వరగా ఎదగవు కనుక నేను వంటింటి సొరుగులో పెట్టాను.

మరి తిండో? ఏమీ పెట్టక్కర్లేదు! ఇక ఎగిరే పని లేదు కనుక రెక్కల కండరాలనూ, ఒంట్లో కొవ్వునూ కరిగించుకుని తొలి పిల్లల్ని పెంచుతుంది ఆ తల్లి. మేం ఊరుకుంటేనా? రోజుకు పదిసార్లు సొరుగు లాగి చూశాం. అది బెదిరిపోయి తన గుడ్లు తానే తినేసింది. ఇక వారానికొక్కసారే చూడాలని ఒట్టు పెట్టుకున్నాం. మళ్లీ గుడ్లు పెట్టింది. రెండు నెలలు తిరక్కుండానే నాలుగు చిన్న శ్రామిక చీమలు గూళ్లలోంచి బయటికొచ్చాయి.

అప్పుడు మొదలైంది నా వంట. పెద్దవాటికి తేనె, పంచదార నీళ్లు. పిల్లల ఎదుగుదలకు బొద్దింక ముక్క. మందు కొట్టి చంపిన బొద్దింక పెడితే చీమలూ పోతాయి, జాగ్రత్త! సంఖ్య పెరిగాక ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను. పారిపోకుండా అంచు లోపలివైపు టాల్కం పౌడరును స్పిరిట్‌లో కలిపి పూశాను. ఆరాక దాని మీద కాలు నిలవక జారిపోతాయి. ఇప్పుడు రెండు వందలకు పైమాటే.

కిందటేడు డబ్బా శుభ్రం చేస్తుంటే ఒక చీమ తప్పిపోయింది. మర్నాడు దొరికితే, "ఇది నాదమ్మా!" అని మావాడు వేరే సీసాలో పెట్టుకున్నాడు. తేనె పెట్టాడు, తడిదూది పెట్టాడు. అది మాత్రం గోడల వెంట తిరుగుతూనే ఉంది. అయిదో రోజున చచ్చిపోయింది.

"తేనె ఉంది కదమ్మా, ఎందుకు చచ్చిపోయింది?" అని ఏడ్చాడు.

జవాబు కోసం వెతికాను. సరిగ్గా ఇదే జాతి మీద స్విట్జర్లాండులోని లోసాన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. పదేసి కలిసి ఉన్న చీమలు సుమారు 66 రోజులు బతికితే, ఒంటరిగా ఉంచినవి ఆరు రోజులకే పోయాయట. ఒంటరివి తిండి మానలేదు. తిన్నది లోపలి సంచిలోనే ఉండిపోయి ఒంటికి పట్టలేదు. పైగా విశ్రాంతి లేకుండా తిరుగుతూనే ఉన్నాయి.

చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పదమూడేళ్ల కిందట ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఫ్రిజ్ నిండా సరుకులు. మావారు పొద్దున ఏడింటికి వెళితే రాత్రి ఎనిమిదికి రావడం. హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరగడమే నా పని. ఏం తిన్నా ఒంటికి పట్టేది కాదు. "అన్నీ ఉన్నాయి కదా, ఇంకేం తక్కువ నీకు?" అనేవారాయన. ఏమని చెప్పాలో నాకే తెలిసేది కాదు.

మా పై అంతస్తులోకి అప్పుడే కరీంనగర్ నుంచి ఓ కొత్త పెళ్లికూతురు వచ్చింది. లిఫ్టులో పలకరిస్తే, "మంచిగనే ఉన్న అక్కా" అనేది. అంతే, తర్వాత ఎవరి తలుపు వాళ్లది. ఆ సాయంత్రం పెసరట్టు పిండి గిన్నెతో వెళ్లి ఆమె తలుపు బెల్లు కొట్టాను.

ఇప్పుడు రోజూ పదకొండింటికి కిందికొస్తుంది. మొదట్లో చీమలంటే జడిసేది. మేం సెలవులకు ఊరొచ్చినప్పుడు వాటికి తేనె పెట్టేది తనే. (ఆ నేల చీమల్ని మన నేలకు తేకూడదు మరి!) మిగతా రోజుల్లో ఇద్దరం ఆ డబ్బా ముందే కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. చీమల కబుర్లు మాత్రం కాదులెండి!