చేతికందిన కొలువు చేజారినపుడు

శ్రమించి నేర్చిన వృత్తిలో తొలి కొలువు దొరకుట ఇంటికంతకును పండుగ. ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఆకురాయి పట్టి, ఇనుపముక్కను కొలతకు సరిగా రాచుట నేర్చిన కుర్రవాడు కార్ఖానాలో ఫిట్టరుగా చేరినాడనగానే, తల్లి ఇరుగుపొరుగులకు చెప్పుకొని సంతసించును. తండ్రి అప్పు తీరు దినమును లెక్కించుకొనును. అట్టి కొలువు నాలుగు మాసములైనను నిండకమునుపే, చేయని తప్పును మోపి, "రేపటినుండి రావలదు" అని పంపివేసినచో, ఆ దెబ్బ జీతమునకు మాత్రమే తగులునది కాదు. "నాకు ఈ పని చేతకాదేమో" అను అనుమానమును అది మనసున నాటును. కొలువు పోవుటకంటె ఈ అనుమానమే ఎక్కువ హాని చేయును. కావున దీనిని గూర్చి నేడు కొంత విచారింతము.

నింద కొత్తవానిపైననే ఏల పడును? ఒక ఉదాహరణము ఊహింతము. లేతు యంత్రముపై తయారైన సరుకు కొలత తప్పినది. ముందటి షిఫ్టువారు బిగించిన పనిముట్టు సడలియుండుటయే దానికి కారణము. పైవారికి సమాధానము చెప్పవలసిన మేస్త్రీకి ఎవరో ఒకరు దోషిగా కావలెను. ఇరువదియేండ్ల అనుభవము గలవానికి పలుకుబడి కలదు, సంఘము కలదు. కొత్తవానికి ఆ రెండును లేవు. అతనిని పంపివేయుట సులభము గనుకనే పంపివేయుదురు. ఇట్టి తొలగింపు ఆ కార్ఖానాలోని బలాబలములను తెలుపును గాని, ఆ కుర్రవాని చేతిలోని విద్యను తూచజాలదు.

పని లేకుండుట మనిషిని ఏమి చేయునో 1930 ప్రాంతమున ఆస్ట్రియాలోని మారియెంతాల్ అను ఊరిలో మరీ యహోదా, పౌల్ లాజార్స్‌ఫెల్డ్, హాన్స్ సైజెల్ అనువారు పరిశీలించిరి. ఆ ఊరివారికి ఆధారమైన మిల్లు మూతపడినది. కావలసినంత తీరిక దొరకినను, గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనువారు తగ్గిరి. వీధిలో పురుషుల నడక సైతము మందగించినది. 1933లో వెలువడిన వారి గ్రంథము నేటికిని ప్రమాణముగా నున్నది. దానినుండి మనము గ్రహింపవలసిన దేమనగా, కొలువు కూలితో పాటు దినమునకు ఒక క్రమమును ఇచ్చును. అది పోయినపుడు ఆ క్రమమును మనమే కల్పించుకొనవలెను. ఎప్పటివలెనే వేకువనే లేచుట, స్నానము చేసి బయలుదేరుట, రోజునకు ఒక్క గంటయైనను పనిముట్టు పట్టుట చిన్న సంగతులవలె కనిపించును. ఐనను మనసు కుంగకుండ కాచునవి అవియే.

ఇక మొదటి రెండు మూడు దినములలో చేయవలసిన పనులు కలవు. కోపముతో మాట తూలరాదు. రాజీనామా వ్రాసి ఇమ్మని ఒత్తిడి చేసినచో, చదువక, ఆలోచింపక చేవ్రాలు చేయరాదు. తెల్లకాగితముపై ఎన్నడును చేయరాదు. తనంతట తాను మానుకొనినట్లు కాగితముపై ఉన్నచో, తొలగించిరని పిమ్మట నిరూపించుట కష్టము. తొలగింపునకు కారణమును వ్రాతమూలకముగా కోరవలెను. జరిగిన దానిని తేదీలతో, గంటలతో, అక్కడ ఉన్నవారి పేర్లతో ఆ రాత్రియే వ్రాసి ఉంచుకొనవలెను. నియామక పత్రము, జీతపు చీటీలు, హాజరు వివరములు, భవిష్యనిధి సంఖ్య, ఇవన్నియు ఒకచోట భద్రపరచవలెను. తొలగించిన రెండు పనిదినములలోపల రావలసిన జీతమును చెల్లింపవలెనని 2019 నాటి వేతనముల స్మృతి చెప్పుచున్నది. ఇది దయ కాదు, హక్కు.

చట్టము ఏమి చేయగలదు? ముందుగా మనవాడు ఏ హోదాలో చేరినాడో చూడవలెను. 1961 నాటి అప్రెంటీసుల చట్టము క్రింద చేరినచో, అతడు శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. అతనికిని యజమానికిని నడుమ ఒప్పందము విషయమున వచ్చిన తగవును అప్రెంటీసుల సలహాదారు తీర్చును. ఆ తీర్పు నచ్చనిచో 30 దినములలో పైకి విన్నవించుకొనవచ్చును. ప్రొబేషనుపై చేరినవాని స్థితి కొంత బలహీనమైనది. పని తృప్తికరముగా లేదని యజమాని నిజముగా భావించి, నింద మోపకుండ పంపివేసినచో, సాధారణముగా న్యాయస్థానము జోక్యము కలిగించుకొనదు. ఐతే దొంగతనమో, అవిధేయతయో మోపి, దానినే ఆధారముగా చేసికొని తొలగించినచో, అది శిక్షయే యగును. శిక్షకు ముందు విచారణ ఉండవలెను. పురుషోత్తమలాల్ ధింగ్రా వ్యాజ్యమున 1957లో సుప్రీంకోర్టు ఈ భేదమును విశదము చేసినది. అది ప్రభుత్వోద్యోగికి సంబంధించినదైనను, పైకి కనిపించు మాటలను గాక లోని కారణమును చూడవలెనను సూత్రము తరువాతి తీర్పులకు దారి చూపినది. 1993లో డి.కె. యాదవ్ వ్యాజ్యమున, పనికి రాలేదను కారణముతో విచారణ లేకుండ తొలగింపబడిన ఒక కార్ఖానా కార్మికుని తిరిగి పనిలోనికి తీసికొని, వెనుకటి జీతములో సగము ఇమ్మని అదే న్యాయస్థానము ఆదేశించినది. మనిషి జీవనోపాధిని తీసివేయుటకు ముందు అతని మాట వినవలెననునది ఆ తీర్పు సారము.

చాలకాలము ఇట్టి తగవులకు 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ఆధారముగా నుండెను. ఒంటరి కార్మికుని తొలగింపు సైతము పారిశ్రామిక వివాదముగానే చెల్లునని 1965లో దానికి సవరణ వచ్చినది. ఇప్పుడు దాని స్థానమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము 20 మంది, లేదా అంతకు మించి కార్మికులున్నచోట ఫిర్యాదులను పరిష్కరించు సంఘమొకటి ఉండవలెను. తొలగింపును గూర్చిన తగవును రెండేండ్లలోపల కార్మికశాఖలోని రాజీ అధికారి యెదుటికి తీసికొనిపోవలెను. అక్కడ పొత్తు కుదరనిచో, ఆ అధికారి నివేదిక అందిన 90 దినములలో ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయవచ్చును. వకీలును పెట్టుకొను శక్తి లేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ఉచిత సహాయమునకు అర్హులైనవారిలో పారిశ్రామిక కార్మికులను, స్త్రీలను, షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని పేర్కొన్నది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను అడిగినచో వివరములు తెలియును.

ఐనను ఒక మాట దాపరికము లేక చెప్పవలెను. న్యాయము దొరకుటకు కాలము పట్టును. నాలుగు మాసములు పనిచేసినవానికి చివరకు దక్కునది స్వల్పము కావచ్చును. కావున పోరాడుటయా, వదలివేయుటయా అనునది అతడే నిర్ణయించుకొనవలెను. మోపిన నింద మరియొకచోట బ్రతుకుతెరువునకు అడ్డు వచ్చునంతటిదైనచో, దానిని తుడిచివేయించుకొనుటకు పోరాడుట మేలు. అట్లు కానిచో, రావలసిన జీతమును, పనిచేసినట్లు ధ్రువపత్రమును తీసికొని ముందుకు సాగుట పిరికితనము కాదు. ఏ దారి పట్టినను, ఆ తీర్పు వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. కూర్చుండి తిన్న కొండలైనను తరుగునని పెద్దలు ఊరక అనలేదు.

కొత్తచోట "అక్కడ ఏల మానితివి?" అని అడుగుదురు. అబద్ధము చెప్పరాదు; పాత యజమానిని తిట్టనురాదు. "సరుకు చెడిన విషయమున నాపై నింద పడినది, అది నా వలన జరుగలేదు. నా పని చూచి మీరే నిర్ణయింపుడు" అను రెండు మూడు మాటలు చాలును. పిమ్మట చేతికి ఆకురాయి ఇమ్మని అడుగవలెను. వృత్తి తెలిసినవానికి అంతకు మించిన సిఫారసు లేదు. ఐ.టి.ఐ. ఇచ్చిన యోగ్యతాపత్రమును ఏ మేస్త్రీయు తీసివేయలేడు. చదువు చెప్పిన గురువులను, తోడి విద్యార్థులను కలిసికొనుట కూడ మరువరాదు. ఏ కార్ఖానాలో ఖాళీ ఉన్నదో ముందుగా తెలియునది వారికే.

కడపట ఇంటివారితో ఒక మాట. కొలువు పోయి వచ్చిన కుర్రవానిని చూడగానే "నీవేమి చేసితివిరా?" అని అడుగుట మనకు అలవాటు. ఆ ఒక్క ప్రశ్నతో కార్ఖానాలో వేసిన శిక్ష ఇంటిలోను ఖాయమగును. దానికి బదులుగా "ఏమి జరిగినది, నాయనా?" అని అడిగి, చెప్పినదంతయు వినవలెను. చుట్టములయెదుట దాచవలసిన అప్రతిష్ఠ ఇందులో ఏమియు లేదు. అతని మాట వినకుండ పంపివేసిన చోటు ఒకటి ఉన్నది. అతని మాట వినెడి చోటు ఇల్లు కావలెను.