పొలం కుక్కకు బడి సంక్రాంతి నుంచి ఉగాది దాకే

చిత్త కార్తెలో ఊరి కుక్కల సంగతి రైతులకు వేరే చెప్పక్కర్లేదు. ఆ కార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే ధనుర్మాసంలో ఈనుతుంది. మిగతా నెలల్లో ఈనేవీ ఉంటాయి గానీ, మన పల్లెల్లో కుక్కపిల్లలు ఎక్కువగా కనిపించేది ఈ చలి రోజుల్లోనే. పుట్టిన 10 నుంచి 14 రోజులకు కళ్లు తెరుస్తాయి. మూడో వారానికి చెవులు వినిపిస్తాయి. సంక్రాంతి నాటికి గడ్డివాము చుట్టూ పొర్లుతుంటాయి. అక్కడి నుంచి ఉగాది దాకా ఉన్న రెండు, రెండున్నర నెలలే ఆ కుక్క జన్మకంతా బడి.

ఎందుకంటే మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వయసు దాకా కుక్కపిల్ల మెదడు అన్నిటికీ తెరిచి ఉంటుంది. ఆ రోజుల్లో భయం లేకుండా చూసిన కోడి, దూడ, పసిబిడ్డ, ట్రాక్టరు... ఇవన్నీ దానికి మామూలు విషయాలే. ఆ వయసు దాటాక మొదటిసారి చూసేదేదైనా ముందు భయమే. భయపడ్డ కుక్క పారిపోతుంది, లేదా కరుస్తుంది.

మనోళ్లు ఎక్కువ మంది చేసేదేమిటి? నెల, నెలన్నర పిల్లను తెచ్చి మోటారు షెడ్డు దగ్గర వేపచెట్టుకు కట్టేస్తారు. పూటకింత అన్నం పెడతారు. "కట్టేస్తేనే కోపం వస్తుంది, కోపం ఉంటేనే కాపలా కాస్తుంది" అంటారు. ఎనిమిది నెలలకు ఒకరోజు గొలుసు విప్పితే నాలుగు కోళ్లను చంపుతుంది, మేకపిల్ల వెంట పడుతుంది. అప్పుడు దాన్ని తీసుకెళ్లి ఏ టౌను శివార్లలోనో వదిలేస్తారు. తప్పు కుక్క జాతిది కాదండీ, ఆ గొలుసుది.

మచ్చికైన కుక్క కాపలా కాయదన్నది కూడా ఉత్త మాటే. పొలంలో రోజూ ఏం జరుగుతుందో తెలిసిన కుక్కకే, రోజూ జరగనిది ఏదో తెలుస్తుంది. భయంతో పెరిగిన కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. పది రోజులు అలా మొరిగితే మనం లేవడం మానేస్తాం. పదకొండో రోజు నిజంగానే అడవిపందులు వేరుశనగలో పడతాయి.

కూనను ఎనిమిది వారాలు నిండాకే తల్లి నుంచి వేరు చేయండి. తోటి కూనలతో ఆడుతూ గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట ఆపేస్తుంది. ఎంత కొరకొచ్చో నేర్చుకునేది అక్కడే. నాలుగు వారాలకే తెచ్చుకున్న కూనకు ఆ పాఠం ఉండదు.

ఇక కోళ్ల దగ్గరికి వద్దాం. పై వీడియోలో కోడి గంప కింద, కుక్కపిల్ల బయట ఉన్నాయి చూడండి. అలాగే మొదలుపెట్టాలి. పిల్లకు పొద్దున కడుపు నిండా తిండి పెట్టి, మెడకు మెత్తటి తాడు కట్టి, పది అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. కోడిని చూసి ఊరుకుంటే ఉడికించిన గుడ్డు ముక్క ఒకటి నోట్లో పెట్టండి. దూకబోతే కొట్టొద్దు, అరవొద్దు. తాడు పట్టుకుని ఇంకో ఐదు అడుగులు వెనక్కి తెచ్చేయండి. దూరంగా కూర్చున్నప్పుడే గుడ్డు దొరుకుతుందని దానికి నాలుగు రోజుల్లో అర్థమవుతుంది. రోజుకు పది నిమిషాలు చాలు. తర్వాత గంప తీసేయొచ్చు, తాడు మాత్రం ఉంచాలి. ఈ మధ్యలో పిల్లల కోడి ఒకసారి ముక్కు మీద పొడిస్తే మన పని ఇంకా తేలిక. ఒంటరిగా కోళ్లతో వదలడం మాత్రం ఏడాది వయసు దాకా వద్దు. లేత కుక్కకు ఆటే వేట అవుతుంది. ఆవులు, మేకల దగ్గరా ఇదే పద్ధతి. కొత్తగా ఈనిన ఆవు దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి, ఒక్క తన్ను చాలు.

పవర్ స్ప్రేయర్, బ్రష్ కట్టర్ లాంటివి యాభై అడుగుల అవతల నడుస్తుండగా పిల్లకు తిండి పెట్టండి. రోజుకు కొంచెం దగ్గరకు జరపండి. తలపాగా, కర్ర ఉన్న తాత, నెత్తిన గంపతో వచ్చే కూలీ ఆడవాళ్లు, బండి మీద పాలాయన, అందరినీ చూడనివ్వండి. రోజూ చెవులు, కాలి వేళ్ల సందులు, నోరు తడమండి. రేపు పిడుదులు తీసేటప్పుడు, డాక్టరు సూది వేసేటప్పుడు కరవకుండా ఉండేది ఈ అలవాటుతోనే.

పేరు పెట్టి పిలిచి ఎప్పుడూ కొట్టొద్దు. పిలిస్తే దెబ్బ పడుతుందని తెలిసిన కుక్క, రేపు పాము ముందు నిలబడ్డప్పుడు ఎంత పిలిచినా రాదు.

మన పొలాల్లో ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. జీవామృతం డ్రమ్ములో బెల్లం వాసనకు కూనలు ఎగబడతాయి, గోనెసంచి ఒక్కటే కప్పితే లోపల పడతాయి. పైన చెక్క కూడా పెట్టండి. ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంటలో పడితే పైకి ఎక్కలేవు. ఒక మూల గోనెసంచులు కుట్టి నీళ్లలోకి దించి కట్టండి.

పిల్లికూనల లెక్క వేరు. వాటి బడి రెండో వారం నుంచి ఏడో వారం దాకే. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, అవి అటక దిగి మన కంటపడేసరికే ఆ సమయం దాదాపు అయిపోతుంది. అందుకే తల్లికి ఒకే చోట, ఒకే వేళకు తిండి పెట్టి నమ్మకం తెచ్చుకోండి. అది ఒప్పుకుంటే కూనల్ని రోజూ కాసేపు చేతుల్లోకి తీసుకోండి. ఎలుకను పట్టడం తల్లే నేర్పుతుంది, కొనప్రాణంతో ఉన్న ఎలుకను తెచ్చి వాటి ముందు వదులుతుంది. నెలకే తెచ్చేసుకుంటే ఆ చదువు పోతుంది. ఎలుకలు పడుతుందని కడుపు మాడ్చొద్దు, తిన్న పిల్లి కూడా వేటాడుతుంది. కోడిపిల్లల విషయంలో మాత్రం ఏ పిల్లినీ నమ్మలేం, అవి ఎదిగేదాకా గంప కిందే. మనం ఎలుకల మందు పెట్టకపోయినా పక్క పొలంలో పెట్టొచ్చు, ఆ మందు తిన్న ఎలుకను తింటే పిల్లీ పోతుంది. ముందే ఆ రైతుతో మాట్లాడుకోండి. ఆకుకూర మళ్లలో తవ్వకుండా ఒక మూల ఇసుక పోసి అలవాటు చేయండి. పిల్లి మలంతో వచ్చే టాక్సోప్లాస్మా కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, గర్భిణులు ఆ ఇసుక ముట్టుకోకూడదు.

టీకాల దగ్గర ఒక చిక్కుంది. పార్వో టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా సాగుతుంది. అప్పటికి బడి వయసు దాటిపోతుంది. అందుకని కూర్చోలేం. బయటి కుక్కలు రాని మన పొలంలోనే అన్నీ నేర్పాలి, సంతకు తీసుకెళ్తే చంకనెత్తుకునే తీసుకెళ్లాలి. అంతకుముందు పార్వోతో కుక్క చనిపోయిన చోట కొత్త కూనను వదలకండి, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది.

రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడు బూస్టరు, ఆపై ఏటా. ఇక్కడ ప్రకృతి వ్యవసాయం చేసే మనకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆవు మూత్రం, పసుపు, సున్నం, ఆకు పసరు, ఇవేవీ రేబిస్‌ను ఆపవు. కూనే కదా అనుకోవద్దు, చిన్న కుక్కపిల్లకూ రేబిస్ ఉండొచ్చు. పంటి గాటు పడ్డా, గీరుకుపోయినా సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రోగం లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చింది జూలై 6న. ఆ రోజున మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ధనుర్మాసపు కూనలకు అప్పటికి ఆరు నెలలు దాటతాయి. మొదటి టీకాకు అంతదాకా ఆగొద్దు, ఉగాదికే వేయించండి. ఆ రోజు వెళ్లినప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సంగతి కూడా అడిగి రండి, అక్టోబరులో మళ్లీ చిత్త కార్తె వచ్చేలోపు అయిపోతుంది.