కరెంటు రాగానే స్టార్టరు ఎందుకు పలకదు? చిన్న పరికరాలకు టవరు పెట్టే గేటు

మొబైల్ స్టార్టరు బిగించే పద్ధతి పై వీడియోలో ఉంది. చాలామందికి వచ్చే ఒక సందేహానికి ఇక్కడ వివరంగా జవాబు చూద్దాం. త్రీ ఫేజ్ వచ్చింది, చేతిలో ఫోన్‌కి సిగ్నల్ నిండుగా ఉంది, కానీ స్టార్టరుకి మెసేజ్ పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. పది నిమిషాలాగితే అదే పలుకుతుంది. మరి ఆ పది నిమిషాలు ఏమైంది?

ఇది మన సాగుకు సంబంధించిన సంగతే. ప్రకృతి సాగులో వేరు దగ్గర తేమ, గాలి రెండూ ఉండాలి, దాన్నే వాపస అంటాం. మోటారు ఆపమని పెట్టిన మెసేజ్ అందకపోతే నీళ్లు నిలిచి ఆ వాపస పోతుంది. ఆచ్ఛాదన వేసి, జీవామృతం పారించి కాపాడుకున్న నేల ఒక్క రాత్రిలో బురదవుతుంది.

హైదరాబాద్‌లో తార్నాక చౌరస్తా తెలిసినవాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది. ఉస్మానియా క్యాంపస్ నుంచి, మాణికేశ్వర్ నగర్ బస్తీ నుంచి, మెట్రో దిగి వచ్చేవాళ్లు అందరూ ఒకేసారి రోడ్డు మీదికొస్తే ఎంత పెద్ద రోడ్డయినా ఆగిపోతుంది. టవరు దగ్గరా అంతే. ఏ పరికరమైనా మాట్లాడే ముందు టవరు తలుపు తట్టాలి. 4జీలో ఒక సెల్‌కి ఇలా తట్టడానికి 64 రకాల సంకేతాలే ఉంటాయి. రెండు పరికరాలు ఒకే క్షణంలో ఒకే సంకేతంతో తడితే రెండూ ఢీకొంటాయి. అప్పుడు రెండూ కాసేపాగి మళ్లీ తట్టాలి.

బస్తీలో జనం వేర్వేరు సమయాల్లో ఫోన్లు తీస్తారు కాబట్టి తట్టడం కాస్త సర్దుకుంటుంది. పల్లెలో వ్యవసాయ ఫీడరుకి కరెంటు వచ్చిందంటే ఆ లైను మీదున్న స్టార్టర్లన్నీ ఒకే నిమిషంలో నిద్ర లేస్తాయి. మనుషులు తక్కువే ఉన్నా తలుపు తట్టేవి ఎక్కువన్నమాట.

ఈ తొక్కిసలాట ఆపడానికే టవరుకి ఒక గేటు పెట్టారు. ప్రతి మామూలు సిమ్‌లో 0 నుంచి 9 దాకా ఏదో ఒక తరగతి అంకె ఉంటుంది. రద్దీ పెరిగితే టవరు "ఈ తరగతులు ఇప్పుడు రావద్దు" అని ప్రకటిస్తుంది, కాసేపటికి అంకెలు మారుస్తుంది. 4జీలో యంత్రాలకు మాత్రమే వర్తించే అదనపు నిషేధం కూడా ఉంది. తొందర లేని పరికరంగా నమోదైనవే దానికి ఆగుతాయి, ఫోన్లు ఆగవు. మన ఫోన్ పలుకుతుంటే స్టార్టరు పలకకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక కొత్త రకం చిన్న పరికరాల సంగతి. నేల తేమ చూసే సెన్సారుకి ఫోన్‌కున్నంత శక్తి అక్కర్లేదు. 2016లో ప్రమాణాలు ఖరారైన ఎన్‌బీ-ఐఓటీ 180 కిలోహెర్ట్జ్ సన్నని దారిలో నడుస్తుంది. ఒకే మాటను చాలాసార్లు చెప్పి దూరం నుంచైనా టవరుకి వినిపిస్తుంది. మిగతా వేళల్లో నిద్రపోయి బ్యాటరీ ఆదా చేస్తుంది. దీనికి కావలసిన 'కోలా' అనే చిప్‌ను మన సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్, వైసిగ్ నెట్‌వర్క్స్ కలిసి తయారుచేశాయి.

5జీలో ఇలాంటి తక్కువ శక్తి పరికరాలను రెడ్‌క్యాప్ అంటారు. మామూలు 5జీ ఫోన్ 100 మెగాహెర్ట్జ్ దాకా వాడగలిగితే ఇది 20కే పరిమితం, యాంటెన్నాలు కూడా ఒకటో రెండో. ఒక్క యాంటెన్నా ఉన్నది టవరు సమయాన్ని ఎక్కువ తింటుంది. అందుకే ఒక యాంటెన్నావాటికి, రెండు యాంటెన్నాలవాటికి టవరు విడివిడిగా అనుమతి ప్రకటిస్తుంది. రెడ్‌క్యాప్ గురించి టవరు ఏమీ చెప్పకపోతే ఆ పరికరం తనకు ప్రవేశం లేదనే లెక్కేసుకుంటుంది. మూసిన సెల్ వైపు 300 సెకన్ల దాకా మళ్లీ చూడకపోవచ్చు. అంటే పొలం పక్కనే 5జీ టవరున్నా పరికరం కలుస్తుందని గ్యారంటీ లేదు.

కొనేముందు ఇవి చూసుకోండి:

1. పరికరం 2జీదా, 4జీదా? జియోకి 2జీ లేదు. 2జీ స్టార్టరులో ఆ సిమ్ వేస్తే పనిచేయదు.

2. లోపల బ్యాటరీ ఉందా? ఉంటే కరెంటు పోయినా టవరుతో సంబంధం తెగదు. కరెంటు రాగానే అందరితోపాటు తలుపు తట్టే పని తప్పుతుంది.

3. 13 అంకెల యంత్రాల సిమ్ ఇస్తే, ముందే నమోదు చేసిన నంబర్లతోనే మాట్లాడుతుంది. మీ నంబరు, ఇంట్లో ఇంకొకరి నంబరు అందులో రాయించండి.

4. స్టార్టరులో ఆన్ డిలే పెట్టుకుంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి మంచిది. కానీ అది మోటారుని ఆపుతుంది గానీ సిమ్‌ని కాదు.

5. ఇంత సమయం తర్వాత దానంతటదే ఆగే టైమరు, డ్రై రన్ రక్షణ తప్పకుండా ఉండాలి.

ఈ అయిదో మాటే అన్నిటికన్నా ముఖ్యం అండి. గేటు తెరవడం మూయడం టవరు చేతిలో ఉంటుంది. మెసేజ్ అందకపోయినా మోటారు ఆగేలా చూసుకోవడం మన చేతిలో ఉంది. మీ స్టార్టరు ఏ కంపెనీ సిమ్‌తో, కరెంటు వచ్చాక ఎన్ని నిమిషాలకి పలుకుతుందో వారం రోజులు రాసి పెట్టుకోండి. సిమ్ మార్చాలా, పరికరమే మార్చాలా అన్నది ఆ లెక్క చూస్తే తెలుస్తుంది.