కంప్యూటర్ ఆటకు ముందు ఏది నేర్వాలి?

వేసవి సెలవుల్లో కంప్యూటర్ ఆట తయారుచేయాలని కూర్చునే తిరువళ్లూరు, తిరుత్తణి విద్యార్థులకు మొదట కలిగే సందేహం ఒకటే: ముందుగా నేర్వవలసినది గేమ్ ఇంజినా, మోడలింగ్ సాఫ్ట్‌వేరా?

తిరుత్తణి కొండనే ఉదాహరణగా తీసుకుందాం. సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి 365 మెట్లు. ఆ మెట్లెక్కే ఆటలో మెట్టు, స్తంభం, గోపురం వంటి ఆకృతులను మలచేది బ్లెండర్ వంటి మోడలింగ్ సాఫ్ట్‌వేర్. మీట నొక్కగానే పాత్రను నడిపించడం, మెట్టుపై నిలపడం, గుడిగంట మోగించడం గోడో, యూనిటీ వంటి ఇంజిన్ల పని. 365 మెట్లూ మలచనక్కరలేదు. ఒక్క మెట్టును మలచి, జీఎల్‌టీఎఫ్ ఫైలుగా గోడోలోకి తెచ్చుకుంటే, దానినే కావలసినన్ని సార్లు పేర్చవచ్చు.

రెండు పనులూ ఒకే సాఫ్ట్‌వేర్ చేయదా? బ్లెండర్‌లో 2000 నుంచి ఒక గేమ్ ఇంజిన్ ఉండేది. 2019లో వెలువడిన 2.80 వెర్షన్‌లో దానిని తొలగించారు.

కనుక ఆట పూర్తిచేయడమే లక్ష్యమైనవారు ముందుగా ఇంజిన్‌లో ఉత్త పెట్టెలనే మెట్లుగా పేర్చి ఆడి చూడాలి. ఆట ఆడదగినదని తేలిన పిదపనే గోపురం మలచడానికి పూనుకోవాలి. ఆకృతులు మలచడంపైనే మక్కువ గలవారు బ్లెండర్‌తో ఆరంభించవచ్చు. బ్లెండర్, గోడో రెండూ ఉచితమే. ఖర్చయ్యేది సెలవుల కాలం. గోపుర శిల్పాలతోనే అది గడిచిపోతే, ఆట మొదటి మెట్టు వద్దనే ఆగిపోతుంది.